తొలివానకు ముందే గోడ కడగాలి

ఉగాది దగ్గరపడే రోజుల్లో ఇస్నాపూర్‌లోనో, రామచంద్రాపురంలోనో, సంగారెడ్డి పట్టణంలోనో ఏదైనా డాబా ఇంటి సన్‌షేడ్‌ను తడిగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఒక్క రంగు అంటదు. పసుపుపచ్చని పొడి, బూడిదరంగు మన్ను, నల్లటి మసి మూడూ కలిసి వస్తాయి. పోయిన దసరాకు వేయించిన రంగు అప్పుడే వెలిసిపోయిందని ఇంటివాళ్లు దిగులుపడతారు. డబ్బు చేతికందగానే మళ్లీ పెయింటర్‌ను పిలుస్తారు.

నిజానికి అప్పటికింకా రంగు పాడవలేదు. పుప్పొడి రంగును తినదు. దుమ్ము కూడా తినదు. ఆ రెండూ గోడ మీద పేరుకుని ఉన్నప్పుడు నీళ్లు తగిలితేనే రంగుకు చేటు మొదలవుతుంది. అంటే ఉగాదికీ మృగశిర కార్తెకూ మధ్య మనకు సుమారు రెండు నెలల గడువుంది. ఆ గడువులో ఒక బకెట్టు, ఒక మెత్తటి బ్రష్షు చేసే మేలు, గడువు దాటాక ఖరీదైన డబ్బా కూడా చేయలేదు.

గాలిలో ఏముంది

పుప్పొడి అంటే మొక్కల మగ బీజకణాలను మోసుకెళ్లే రేణువులు. మన ప్రాంతంలో అది ఏడాదిలో రెండుసార్లు గాలిని నింపుతుంది. మొదటిది చెట్ల వంతు. సంక్రాంతి వెళ్లగానే మామిడి పూత, తర్వాత ఆకు రాల్చి పూసే నెమలినార, ఆ వెనక ఉగాదికి వేప, కానుగ. రోడ్ల పక్కన సర్కారు తుమ్మ, ఈ మధ్యకాలంలో వరసగా నాటిన కోనోకార్పస్ వీటికి తోడు. గుజరాత్ ప్రభుత్వం 2023లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. అందుకు చూపిన కారణాల్లో దాని పుప్పొడి వల్ల వచ్చే జలుబు, దగ్గు, ఆయాసం ఉన్నాయి.

రెండోది గడ్డి, కలుపు జాతుల వంతు. వానలు నిలదొక్కుకున్నాక మొదలై బతుకమ్మ దాకా సాగుతుంది. జొన్న, సజ్జ, మక్క పూతకొస్తాయి. బీడు భూముల్లో రకరకాల గడ్డి, అమ్ముడుపోయి ఇల్లు కట్టని ప్లాట్ల నిండా వయ్యారిభామ విరగబూస్తాయి. వయ్యారిభామ మన దేశానికి బయటినుంచి వచ్చిన కలుపు. 1950ల మధ్యలో పుణెలో మొదట కంటపడింది. ఇప్పుడది లేని వెంచర్ మన దగ్గర కనిపించదు.

పుప్పొడి ఎంత దూరమైనా వస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసేవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1972లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ పొలాల్లో సజ్జ కంకులకు కాగితపు సంచులు తొడిగి ఉంటాయి. సజ్జలో కీలాగ్రాలు ముందు బయటికొస్తాయి, పుప్పొడి విడుదల తర్వాత జరుగుతుంది. ఆ మధ్యలో గాలి ఏ వరస నుంచి ఏ వరసకు పుప్పొడి మోసినా విత్తనం శుద్ధత చెడుతుంది. అందుకే ప్రతి కంకికీ సంచి కావాలి. ఇంటి గోడకు అలాంటి రక్షణ ఉండదు.

పుప్పొడి ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. ఈ పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టులో అది ఒంటరిగా రాదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లిలలోని మందుల ఫ్యాక్టరీలు, రసాయన పరిశ్రమలు, వాటి బాయిలర్లు, 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు నడిచే లారీలు, ఎక్కడ చూసినా సాగే నిర్మాణాలు, అన్నీ కలిసి గాలిలోకి మసినీ సన్నని ధూళినీ గంధక, నత్రజని వాయువులనూ వదులుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్రంగా కలుషితమైన ప్రాంతమని లెక్క. ఆ తర్వాత 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండలతోపాటు పటాన్‌చెరు, సంగారెడ్డి కూడా చేరాయి.

ఇక్రిశాట్ ఆవరణలోనూ బొల్లారంలోనూ పాశమైలారంలోనూ గాలిని గంటగంటకూ కొలిచే యంత్రాలున్నాయి. అవి లెక్కించేది 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలను. పుప్పొడి రేణువులు ఎక్కువగా 15 నుంచి 60 మైక్రాన్ల మధ్య ఉంటాయి. మక్క పుప్పొడి 90 మైక్రాన్లు దాటుతుంది. అంటే చెక్కుచెదరని పుప్పొడి చాలావరకు ఆ లెక్కలోకి రాదు. యంత్రం వదిలేసిన దాన్ని సన్‌షేడ్ పట్టుకుంటుంది.

నిలువు గోడకు ఎలా అంటుతుంది

నేల మీద దుమ్ము పడటం అందరికీ తెలిసిందే. నిటారుగా ఉన్న గోడకు ఎలా అంటుకుంటుందన్నది ఆలోచించాల్సిన విషయం. గాలి గోడ దాకా వచ్చి పక్కకు తిరుగుతుంది. సన్నని కణాలు గాలితోపాటే మలుపు తిరిగి వెళ్లిపోతాయి. పుప్పొడి లాంటి బరువైన రేణువు ఆ వేగంలో తిరగలేక నేరుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. గరుకు గోడైతే అక్కడే ఇరుక్కుంటుంది. బయటి గోడలకు అందం కోసం వేసే ముతక టెక్స్‌చర్‌లో దుమ్ము ఎక్కువగా నిలవడానికి కారణం ఇదే.

గాలి తగ్గినప్పుడు మరో దారి. నిశ్చలమైన గాలిలో 20 మైక్రాన్ల పుప్పొడి సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతుంది. దానికి కావలసిందల్లా ఒక అరుగు. పిట్టగోడ పైభాగం, సన్‌షేడ్, కిటికీ గడప, ఏసీ పెట్టె, కరెంటు మీటరు పెట్టె, ఇలా ఇంటి బయట ఎన్ని అరుగులుంటే అన్ని గోదాములు. గోడ నిండా పరుచుకున్న దానికంటే ఈ అరుగుల మీద పేరుకున్నదే తర్వాత ఎక్కువ హాని చేస్తుంది.

పురుగులు మోసే పుప్పొడికి పైన పల్చటి జిడ్డు పొర ఉంటుంది. తేనెటీగ కాళ్లకు అంటుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. పసుపు, నారింజ వర్ణకాలు చాలావరకు ఆ జిడ్డులోనే ఉంటాయి. అందుకే పొడి చీపురుతో విసురుగా రుద్దితే పుప్పొడి రాలకపోగా, జిడ్డు పరుచుకుని గోడ మీద పసుపు మరక మిగులుతుంది.

రంగు లోపల జరిగేది

బయటి గోడకు వేసే ఎమల్షన్ రంగులో ప్రధానంగా నాలుగు ఉంటాయి. నీళ్లు, యాక్రిలిక్ బంక కణాలు, రంగునిచ్చే వర్ణకం, మందం కోసం కలిపే సుద్ద లాంటి పొడులు. తెల్లదనానికి దాదాపు అన్ని కంపెనీలూ వాడే వర్ణకం టైటానియం డయాక్సైడ్. ఏషియన్ పెయింట్స్ కర్మాగారం 1980ల నుంచి పటాన్‌చెరులోనే ఉంది. రంగును చెడగొట్టే గాలీ ఆ రంగు తయారీ కూడా ఒకే ఊళ్లో ఉన్న చోటిది.

గోడకు వేసిన రంగులోంచి నీళ్లు ఆవిరయ్యే కొద్దీ బంక కణాలు దగ్గరికి జరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరగా మారతాయి. వర్ణకం, సుద్ద ఆ పొరలో చిక్కుకుంటాయి. బూందీ లడ్డూ చుట్టేటప్పుడు పాకం ఎంత ముఖ్యమో ఇక్కడ బంక అంత ముఖ్యం. పాకం తక్కువైన లడ్డూ చేతిలోనే విడిపోతుంది. బంక తగ్గించి సుద్ద పెంచిన చౌక రంగు కూడా అంతే. డబ్బాలో చిక్కగా కనిపిస్తుంది, గోడ మీద మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత సన్నని రంధ్రాల నిండా దుమ్మునూ నీటినీ పీల్చుకుంటుంది. పెయింటర్ చేతిలో ఒకటికి రెండింతలు నీళ్లు పోసిన మంచి రంగుకు కూడా పల్చటి పొరే మిగులుతుంది.

ఎండ రెండు విధాలుగా దీన్ని దెబ్బతీస్తుంది. అతినీలలోహిత కిరణాలు బంకను కొద్దికొద్దిగా తెంపుతాయి. టైటానియం డయాక్సైడ్ రేణువుల దగ్గర ఈ చర్య వేగంగా జరుగుతుంది. కంపెనీలు ఆ రేణువులకు రక్షణ పూత వేస్తాయి కాబట్టి మంచి రంగులో నెమ్మదిగా, నాసిరకంలో తొందరగా పొర పొడిబారుతుంది. చేత్తో రాస్తే తెల్లగా అంటే ఆ పొడి బయటినుంచి వచ్చిన దుమ్ము కాదు, రంగే విడిపోయి వస్తోందని అర్థం.

రెండోది వేడి. ప్రతి యాక్రిలిక్ బంకకూ ఒక ఉష్ణోగ్రత హద్దు ఉంది. దానికి దిగువన పొర గట్టిగా ఉంటుంది, అది దాటితే మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు ఎదురుగా ఉన్న పడమటి గోడ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, ముదురు రంగైతే మరీను. మెత్తబడ్డ పొరలో మసి, పుప్పొడి సగం దిగబడతాయి. పగుళ్లు కప్పడానికి సాగే గుణంతో తయారుచేసే పూతలు స్వతహాగానే మెత్తన, కాబట్టి దుమ్మును ఎక్కువ పట్టుకుంటాయి. అలాంటి కొన్ని పూతల్లో ఎండ తగలగానే పైపొర మాత్రం గట్టిపడేలా ప్రత్యేక రసాయనం కలుపుతారు. కొనేటప్పుడు దుమ్ము పట్టని గుణం ఉందా అని అడగాల్సింది అందుకే.

తడి తగిలాక

రోహిణి కార్తె చివర్లో గాలిదుమారం లేచి నాలుగు చినుకులు పడతాయి. మట్టి వాసనకు మనసు తేలికపడే ఆ సమయంలోనే గోడ మీద అసలు కథ మొదలవుతుంది.

పుప్పొడి పైకవచం స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. జీవప్రపంచంలో ఇంత గట్టి పదార్థాలు అరుదు. ఆమ్లాలకు లొంగదు, కోట్ల ఏళ్లు మట్టిలో పూడినా రూపం చెడదు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో శాస్త్రవేత్తలు రాళ్లలో దొరికిన పుప్పొడిని చూసి ప్రాచీన అడవుల స్వరూపం చెప్పగలిగేది ఈ కవచం వల్లే. కవచం ఎంత గట్టిదైనా దానిలో సన్నని ద్వారాలుంటాయి. నీళ్లు తగలగానే రేణువు ఉబ్బి, ఆ ద్వారాల గుండా లోపలి చక్కెరలు, ప్రోటీన్లు, కొవ్వులు బయటికొస్తాయి. చాలా రకాల పుప్పొడి అక్కడికక్కడే చిట్లిపోతుంది.

బూజుకు ఇంతకంటే మంచి ఆహారం లేదు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఎండు గోడ మీద అవి ఏమీ చేయలేవు. ధూళి పొర స్పంజిలా నీటిని పట్టి ఉంచి, పుప్పొడి తిండి పెట్టాక నల్లని చుక్కలుగా మొలుస్తాయి. ఆ తర్వాత నాచు. నాచుకు తిండి అక్కర్లేదు, వెలుతురూ తడీ ఉంటే చాలు. అది కూడా ఒకసారి నిలదొక్కుకుంటే తానే నీటిని నిలవచేసి గోడను ఆరనివ్వదు. రంగు కంపెనీలు బూజు పట్టకుండా కలిపే మందు వాన నీటితో కొంచెం కొంచెంగా కరిగి బయటికి రావడం ద్వారానే పనిచేస్తుంది. కాబట్టి ప్రతి వానాకాలానికీ దాని బలం తగ్గుతుంది.

ఈ బెల్టులో ఇంకో చర్య కూడా తోడవుతుంది. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తడితో కలిసి ఆమ్లంగా మారుతుంది. పాత ఇళ్ల సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడి ఉంటుంది. ఆ ఆమ్లం దాన్ని జిప్సంగా మారుస్తుంది. జిప్సం నీటిలో కొంత కరుగుతుంది, మసిని తనలో బంధిస్తుంది, చివరికి పెచ్చులుగా ఊడుతుంది. చౌక ఎమల్షన్‌లోని సుద్ద కూడా కాల్షియం కార్బొనేటే. ఆమ్లపు తడిలో అది కరిగి, గోడ ఆరేటప్పుడు పైకొచ్చి తెల్లటి చారలుగా పేరుకుంటుంది. ముదురు రంగు గోడల మీద ఈ చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సున్నం మంచిది కాదని దీని అర్థం కాదు. తాజా సున్నపు క్షారగుణం బూజునూ నాచునూ చంపుతుంది. మన పెద్దలు ఏటేటా పండుగకు సున్నం వేయడంలో అందంతోపాటు ఈ ప్రయోజనమూ ఉంది. ఫ్యాక్టరీల నడుమ మాత్రం ఆ బలం ఏడాది నిలవదు.

మరకను బట్టి మందు

గోడ నల్లబడిందని అందరూ ఒకే మాట అంటారు. కారణాలు మాత్రం వేరువేరు. కారణం తెలియకుండా రంగు వేయిస్తే మరక మళ్లీ పైకొస్తుంది.

మామిడి చెట్టు కింది గోడ నల్లబడితే ఫ్యాక్టరీని తిట్టే ముందు చెట్టు ఆకును తాకి చూడండి. జిగటగా ఉంటే పూత మీద తేనెమంచు పురుగు ఉన్నట్టు. అది విసర్జించే తియ్యటి ద్రవం ఆకుల మీద, కింది గోడ మీద చిలుకుతుంది. దాని మీద మసి తెగులు శిలీంధ్రం పెరుగుతుంది. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలో వందల మామిడి రకాలున్నాయి, ఈ చుట్టుపక్కల మామిడి రైతుకు ఈ పురుగు చిరపరిచితం. ఇక్కడ గోడకు వేసే మందు కంటే చెట్టుకు చేసే వైద్యం, గోడకు తగిలే కొమ్మల కత్తిరింపు ముఖ్యం.

చుక్కలు చుక్కలుగా నలుపు ఉంటే బూజా, మసా అని తేల్చడానికి తేలిక పరీక్ష ఉంది. బట్టలకు వాడే బ్లీచ్ ద్రవంలో నాలుగింతలు నీళ్లు కలిపి ఒక చుక్క వేయండి. రెండు నిమిషాల్లో రంగు తేలిపోతే అది బూజు. మారకపోతే మసి. పచ్చగా జారుడుగా ఉంటే నాచు. తెల్లగా, ఉప్పురవ్వలా పొంగితే గోడ లోపలి నుంచి నీళ్లు లవణాలను మోసుకొస్తున్నాయని గుర్తు. ఏ రంగూ దాన్ని ఆపలేదు, నీళ్లు వచ్చే దారి మూయాలి. చేతికి తెల్లని మెత్తటి పొడి అంటితే రంగు ఆయుష్షు తీరింది.

కడగడం ఎలా

ఏడాదికి రెండుసార్లు చాలు. మొదటిది వేప పూత రాలాక, రోహిణి కార్తె లోపల. రెండోది వానలు వెనకబట్టాక, స్వాతి కార్తె తర్వాత. అంతకంటే తరచుగా గట్టిగా కడిగితే రంగులోని బూజు మందు తొందరగా వెళ్లిపోతుంది.

ముందు అరుగులతో మొదలుపెట్టండి. పిట్టగోడ పైభాగం, సన్‌షేడ్‌లు, కిటికీ గడపల మీది ధూళిని తడిగుడ్డతో ఎత్తేయండి. గోడ మీదికి ఊడ్చేయకండి. ఇల్లంతా కడిగే తీరిక, నీళ్లు లేనివాళ్లు ఈ ఒక్క పని చేసినా సగం చారలు తప్పుతాయి.

ఉదయం పూట, గోడ ఇంకా చల్లగా ఉన్నప్పుడు మామూలు నీటితో తడపండి. బకెట్టు నీళ్లలో ఒకటి రెండు చెంచాల మెత్తని సబ్బు ద్రవం చాలు. సబ్బు నీళ్లు కింది నుంచి పైకి పూయాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు ఎండు గోడ మీద చారలు కట్టి, ఆ చారలు తర్వాత వదలవు. మెత్తటి బ్రష్షుతో రుద్దాక, పైనుంచి కిందికి మంచి నీటితో జాడించాలి. సబ్బు గోడ మీద ఆరిపోకూడదు. ఇక్కడి చాలా బోర్ల నీళ్లు ఉప్పునీళ్లు, ఆరితే తెల్ల మచ్చలు మిగులుస్తాయి. చివరి జాడింపుకైనా మంజీరా నల్లా నీళ్లు రెండు బకెట్లు పక్కన పెట్టుకోండి. బలమైన ధారతో కొట్టే యంత్రాలు పగుళ్లలోకి నీటిని తోస్తాయి, వాటి అవసరం లేదు.

బూజు ఉన్న చోట మాత్రమే బ్లీచ్ నీళ్లు పూసి, పది నిమిషాలాగి కడిగేయండి. ముదురు రంగు గోడైతే ముందు ఒక మూల పరీక్షించుకోవాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను గోడకు ఎప్పుడూ వాడకండి, అది సిమెంటునే తినేస్తుంది. యాసిడ్, బ్లీచ్ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ఇరుకు సందుల్లో అది ప్రాణాంతకం. ఎత్తున పనిచేసేవారికి నడుముకు తాడు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది. కాలుష్య వాయువులు పుప్పొడి ప్రోటీన్లను మార్చి వాటి ఎలర్జీ గుణాన్ని పెంచగలవని ప్రయోగశాలల్లో తేలింది.

డాబా మీద వేడి తగ్గడానికి తెల్ల పూత వేయించుకున్నవాళ్లు దాన్ని కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక ఇవి పెరిగాయి. పూత మీద ధూళి పేరుకుంటే ఎండను తిప్పికొట్టే శక్తి తగ్గుతుంది. వేసవికి ముందు ఒకసారి కడిగితే ఆ శక్తి చాలావరకు తిరిగి వస్తుంది.

నీటికి దారి చూపాలి

ఒకే ఇంట్లో ఒక గోడ శుభ్రంగా, మరో గోడ పాచిపట్టి ఎందుకుంటుంది? ఒక కారణం సూర్యుడు. హైదరాబాద్ ప్రాంతంలో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్యే మధ్యాహ్నపు ఎండ కొంచెం ఉత్తరం నుంచి పడుతుంది. అందులో సగం కాలం మబ్బు. మిగతా తొమ్మిది నెలలూ మధ్యాహ్నపు ఎండ దక్షిణం వైపే. వానలు ముగిసేనాటికి ఉత్తరపు గోడకు ఆరడానికి ఎండే దొరకదు. పక్క ఇంటికీ మన ఇంటికీ మధ్య మూడడుగుల సందు మాత్రమే ఉంటే గాలి కూడా దొరకదు. కాబట్టి ముందు చూడాల్సింది ఉత్తరపు గోడ, సందులోని గోడ.

రెండో కారణం కట్టుబడి. పిట్టగోడ పైభాగం డాబా వైపు వాలుగా ఉంటే ధూళి కలిసిన నీళ్లు లోపలికి పోతాయి. బయటికి వాలితే ప్రతి వానకూ ముఖగోడ మీద నల్లచారలు దిగుతాయి. సన్‌షేడ్ కింది అంచున సన్నని గాడి ఉంటే నీళ్లు అక్కడే తెగి కింద పడతాయి. గాడి లేకపోతే అంచు వెంట పాకి గోడకు చేరతాయి. కట్టేటప్పుడు మేస్త్రికి ఈ రెండు మాటలు చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఇదివరకే కట్టిన ఇంటికైనా పిట్టగోడ మీద వాలు సరిచేయించవచ్చు. కారే పైపు, డాబా నీళ్లు గోడ మీద పడే గొట్టం, వెంట్రుకవాసి పగుళ్లు, ఇవి సరిచేశాకే రంగు సంగతి.

మళ్లీ రంగు తప్పనప్పుడు

కడిగినా పొడి రాలుతుంటే, పెచ్చులు లేస్తుంటే రంగు వేయించాల్సిందే. దసరాకు ముందు వేయించడం మన అలవాటు. అప్పటికి గోడ వాన తడితో ఉంటుంది, పైగా గడ్డి పుప్పొడి కాలం. వీలైతే కార్తీకం తర్వాత సంక్రాంతి లోపల వేయించండి. వాన ఉండదు, ఎండ మెత్తగా ఉంటుంది, మామిడి పూత ఇంకా నిండుగా రాదు.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి. కొత్త సిమెంటు గోడైతే కనీసం నాలుగు వారాలు నీళ్లు తాగి, ఆరి, దాని క్షారం తగ్గాలి. బయటి గోడకు తెల్ల సిమెంటు ఆధారమైన లప్పమే వాడాలి, సుద్ద లప్పం ఒక్క వానకే ఉబ్బుతుంది. రంగులో డబ్బా మీద రాసినంతకు మించి నీళ్లు కలపనివ్వకండి. పూత మొదటి గంటల్లో బంకగా ఉంటుంది, అప్పుడు పడ్డ పుప్పొడి అందులోనే ఉండిపోతుంది. కాబట్టి గాలి లేచిన మధ్యాహ్నాలు పని ఆపి, నీడ ఉన్న గోడను ఎంచుకుంటూ పోవడమే మంచి పెయింటర్ల పద్ధతి.

పాత గేట్లు, గ్రిల్స్ విషయంలో ఒక హెచ్చరిక. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, మరుసటి ఏడాది నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని. తడిపి గీకాలి, రాలిన పొరలు ఏరి పారేయాలి. గీకే పెయింటర్‌కు మాస్కు మనమే ఇవ్వాలి.

ఇంటి వంతు, ఊరి వంతు

పైన చెప్పినవన్నీ ఇంటి వంతు పనులు. వాటికి హద్దుంది. ఈ ప్రాంతపు నీటి కాలుష్యం మీద పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్ రావు దశాబ్దాలపాటు పోరాడారు. రోగులకు మందులు రాసిస్తే సరిపోదని, రోగం వచ్చే చోటికి వెళ్లి అడ్డుపడాలని ఆయన జీవితం చూపించింది. గాలి విషయంలో కూడా అదే దారి. ఇంటి గోడను ఏటా కడుక్కుంటాం. ఆ గోడ పక్కనే పడుకునే మనిషి ఊపిరితిత్తులను కడగలేం. గోడకు అంటిన మసి, ధూళి ఆ మనిషి లోపలికీ వెళ్తున్నాయి.

కాలనీలు కలిసి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకేస్తే ఆ ఏటి పుప్పొడీ మరుసటి ఏటి విత్తనమూ రెండూ తగ్గుతాయి. ఖాళీ ప్లాట్ల యజమానులతో ఈ పని చేయించే బాధ్యత గ్రామపంచాయతీలు, మున్సిపాలిటీలు తీసుకోవాలి. కొత్తగా నాటే చెట్లలో గాలికి పుప్పొడి వదిలేవి తగ్గించాలి. కంకర, ఇసుక లారీలకు టార్పాలిన్, రోడ్డు పక్క మన్ను తొలగింపు, బాయిలర్ పొగ మీద నిఘా, ఇవి ప్రభుత్వాన్ని పట్టుబట్టి అడగాల్సినవి.

మరొకటి కూడా అడగాలి. చండీగఢ్ పీజీఐ, పంజాబ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ నగరానికి ఏ నెలలో ఏ మొక్క పుప్పొడి గాలిలో ఉంటుందో చెప్పే క్యాలెండర్‌ను 2022లో వెలువరించారు. ఆస్తమా రోగి ఎప్పుడు జాగ్రత్తపడాలో, ఇంటాయన ఎప్పుడు గోడ కడగాలో అలాంటి క్యాలెండర్ ఒక్క చూపులో చెప్పగలదు. సంగారెడ్డి జిల్లాకు కూడా అటువంటిది కావాలి. పంటల పుప్పొడిని కంకి కంకికీ లెక్కగా చూసే ఇక్రిశాట్ ఇక్కడే ఉంది. కంది ఊళ్లో ఐఐటీ ఉంది, సంగారెడ్డిలో ఫల పరిశోధన కేంద్రం ఉంది, గాలిని కొలిచే యంత్రాలు మూడు చోట్ల నడుస్తున్నాయి. పుప్పొడిని కూడా లెక్కించమని జిల్లా యంత్రాంగం ఈ సంస్థలను కోరాలి, కోరేదాకా మనం అడుగుతూ ఉండాలి.